శ్రోతను మరువని కవి – పాల్కురికి సోమన

కథ రాయడం వేరు, కథను చివరిదాకా వినిపించడం వేరు. రాసినదంతా వినిపించగలమనే నమ్మకం చాలామంది రచయితలకు ఉంటుంది. వినేవాడు మధ్యలో లేచి వెళ్ళిపోయే అవకాశం ఉందని, అతనిని కూర్చోబెట్టే బాధ్యత తనదేనని గుర్తించిన రచయితలు ఏ కాలంలోనైనా తక్కువే. తెలుగులో ఈ బాధ్యతను తొలినాళ్ళలోనే సంపూర్ణంగా స్వీకరించి, అందుకోసం తన కాలపు పండితుల మెప్పును సైతం వదులుకున్న కవి పాల్కురికి సోమనాథుడు. సాహిత్య చరిత్రకారులు ఆయనను శివకవిగా, దేశికవితా ప్రవర్తకుడిగా, ద్విపదకు కావ్య గౌరవం కల్పించినవాడిగా పేర్కొంటారు. అవన్నీ నిజమే. అయితే ఆయనను మొదట ఒక కథకుడిగా చూడడం ఈ పాఠం ఉద్దేశం.

జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమన జన్మస్థలమని అధిక సంఖ్యాకులైన పండితుల అభిప్రాయం. గూడూరు, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాల విద్యార్థులకు అది పొరుగూరి వంటిదే. ఊరిని ఆనుకొని ఉన్న గుట్టపైన సోమేశ్వరాలయం ఉంది. భాగవతకర్త పోతన ఊరుగా మనం చెప్పుకొనే బమ్మెర కూడా ఈ పాలకుర్తి మండలంలోనిదే. ఇరుగుపొరుగు గ్రామాల నుండి, కొన్ని తరాల ఎడంతో, ఇద్దరు మహాకథకులు రావడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని ఒగ్గు కథలు, శారద కథలు, చిందు భాగవతాలు ఈనాటికీ వినిపించే నేల ఇది. రాత్రి తెల్లవార్లూ కథ వినే అలవాటు ఉన్న సమాజంలో కథ చెప్పేవాడికి గట్టి శిక్షణే దొరుకుతుంది. కర్ణాటకలోని హాల్కురికె సోమన స్వగ్రామమని వాదించినవారూ లేకపోలేదు. ఆయనకు కన్నడంలో గల పాండిత్యం, కన్నడ దేశంలో ఆయనకు లభించిన గౌరవం ఆ వాదానికి ఊతమిచ్చాయి.

ఆయన కాలం గురించి కూడా ఏకాభిప్రాయం లేదు. కాకతీయ ప్రతాపరుద్రుని కాలంవాడన్న విషయంలో అందరూ ఏకీభవిస్తారు. అయితే ఆ పేరుతో ఇద్దరు రాజులున్నారు. క్రీ.శ. 1158 నుండి 1195 వరకు పాలించిన రుద్రదేవుడు మొదటివాడు. 1289 నుండి 1323 వరకు పాలించిన చివరి కాకతీయ ప్రభువు రెండవవాడు. పండితులలో కొందరు మొదటివానిని, మరికొందరు రెండవవానిని సమర్థించారు. ఇరువైపులా బలమైన వాదాలే ఉన్నాయి. మనకు కావలసినంత వరకు చూస్తే, ఓరుగల్లు రాజధానిగా చెరువులు, ఆలయాలు, కోటలు వెలసిన కాకతీయ యుగపు కవి ఆయన. పాలంపేటలో 1213లో వెలసిన రామప్పగుడి ఆ యుగానికి చెందినదే.

బసవపురాణంలో కవి తన తల్లిదండ్రులను శ్రియాదేవి, విష్ణురామిదేవుడని స్మరించుకున్నాడు. జన్మచేత బ్రాహ్మణుడా, జంగముడా అన్నది మరొక చర్చ. తనను గురించి చెప్పుకోవడంలో ఆయన దృష్టి కులంమీద లేదు. తాను శివభక్తుల సంతతివాడనని చాటుకోవడమే ఆయనకు ముఖ్యం. ఆయన విద్వత్తు మాత్రం నిర్వివాదాంశం. వేద వేదాంగాలు, పురాణాలు, ఆగమాలు ఆయనకు కరతలామలకాలు. సంస్కృతంలో సోమనాథభాష్యం రచించాడు. వృషాధిప శతకంలో తెలుగుతోబాటు ఇతర భాషలలోనూ పద్యాలు కూర్చాడు. చతుర్వేదసారం, అనుభవసారం ఆయన శాస్త్ర పరిచయానికి నిదర్శనాలు. తెలుగులో ఉదాహరణ కావ్య ప్రక్రియకు బసవోదాహరణం ఆదిగా నిలిచింది. ఈ జాబితాను ఇంతటితో ఆపవచ్చు. ఇక్కడ గమనించవలసిందల్లా ఒకటే. పండితుల కోసం రాయగల సామర్థ్యం లేక సోమన ప్రజల కోసం రాయలేదు. ఆ సామర్థ్యం నిండుగా ఉండి కూడా, తన ప్రధాన కృతి అయిన బసవపురాణాన్ని వేరొక శ్రోతకు అంకితం చేశాడు.

ఆ శ్రోత ఎవరు? ఇది తెలియాలంటే అప్పటి కావ్యరచనా పద్ధతిని కొంత తెలుసుకోవాలి. నన్నయ భారతాంధ్రీకరణతో తెలుగులో చంపూ మార్గం స్థిరపడింది. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం వంటి వృత్తాలు, నడుమ వచనం. ఒక్కొక్క పద్యం ఒక్కొక్క శిల్పం. అది గొప్ప మార్గమే. కాని ఆ పద్యాన్ని చదివి, అన్వయం చెప్పి, అర్థం వివరించే పౌరాణికుడు లేకపోతే సామాన్యుడికి కథ అందదు. పద్యం ముగిసిన ప్రతిచోటా కథ కాసేపు నిలుస్తుంది. పండితుడికి అది విశ్రాంతి, ఆస్వాదన. పొలం నుండి వచ్చి గుడి మండపంలో కూర్చున్న రైతుకు అది నిరీక్షణ.

సోమనకు స్ఫూర్తినిచ్చిన ఉద్యమం స్వభావమే వేరు. పన్నెండవ శతాబ్దంలో కళ్యాణ పట్టణంలో బిజ్జలుని కొలువులో ఉన్న బసవేశ్వరుడు కులభేదాలను తిరస్కరించే వీరశైవాన్ని ప్రచారం చేశాడు. ఆయన వచనాలు జనం మాట్లాడుకొనే కన్నడంలో వెలువడ్డాయి. చాకలి, కుమ్మరి, చెప్పులు కుట్టేవాడు, వేటగాడు, వారందరూ ఆ ఉద్యమంలో భక్తులుగా గౌరవం పొందారు. అటువంటివారి జీవితగాథలను వారికే అందని భాషలో రాయడం సోమనకు అసంగతంగా తోచి ఉంటుంది. బసవపురాణ అవతారికలో ఆయన తన నిర్ణయాన్ని దాపరికం లేకుండా ప్రకటించాడు. బరువైన గద్యపద్యాల కంటె అందరికీ తెలిసే జాను తెనుగు మేలని, ద్విపదను తక్కువగా చూడవద్దని, కొద్ది అక్షరాలలో గొప్ప అర్థాన్ని ఇమడ్చడమే కవిత్వంలోని నేర్పని ఆయన వాదం. ఒక కవి తన శిల్పాన్ని, తాను కోరుకొన్న శ్రోతను ఇంత స్పష్టంగా ముందే చెప్పడం మన ప్రాచీన సాహిత్యంలో అరుదు.

ద్విపద రెండు పాదాల ఛందస్సు. ప్రతి పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉంటాయి. పాడుకోవడానికి అనువైన నడక. దంపుళ్ళ పాటల్లో, ఊయల పాటల్లో వినిపించే లయకు దగ్గరి చుట్టం. రెండు పాదాలకు ఒక ద్విపద పూర్తి అవుతుంది గాని కథ అక్కడ ఆగనవసరం లేదు. ఎన్ని ద్విపదలైనా ఒకదాని వెంట ఒకటి సాగవచ్చు. సోమన ఈ సౌలభ్యాన్ని ఎంతగా వాడుకున్నాడంటే, ఒక పాత్ర ఆవేశంతో మాట్లాడుతున్నప్పుడు వాక్యం పాదాలను దాటి, ద్విపదలను దాటి ప్రవాహంలా సాగిపోతుంది. పాత్ర నిట్టూర్చినప్పుడు మాత్రమే అది నిలుస్తుంది. పదాల ఎంపికలోనూ ఇదే పద్ధతి. సంభాషణలకు ఇంటింటి తెలుగు. స్తోత్రాలకు, వాదాలకు సంస్కృత సమాసాలు. జాను తెనుగు అన్నంత మాత్రాన సంస్కృతాన్ని పూర్తిగా వెలివేశాడని అనుకోరాదు. ఏ సందర్భానికి ఏది తగునో ఎరిగి వాడాడు.

ఇక ఆయన కథలు. బసవపురాణం ఏడు ఆశ్వాసాల గ్రంథం. పేరుకు బసవేశ్వరుని చరిత్రే అయినా అందులో అనేక భక్తుల కథలు గుదిగుచ్చి ఉన్నాయి. ఈ కథలను తాను కల్పించలేదని, పూర్వభక్తుల పాటలనుండి, భక్తులు చెప్పుకొనే మాటలనుండి సేకరించానని కవి చెప్పాడు. అంటే శ్రోతలకు చాలా కథలు ముందే తెలుసు. తెలిసిన కథను మళ్ళీ ఆసక్తితో వినిపించడం కొత్త కథ చెప్పడం కంటె కష్టం. తర్వాత ఏం జరుగుతుందనే ఉత్కంఠ అక్కడ పనిచేయదు. మరి దేనితో కూర్చోబెట్టాలి? సోమన దానికి పట్టుకొన్న మార్గం పాత్ర మనసు. ఆ పాత్ర ఆ క్షణంలో ఎలా ఆలోచిస్తుందో, ఏ తర్కంతో ఆ పనికి పూనుకుంటుందో అడుగడుగునా చూపడం.

బెజ్జమహాదేవి కథ చూడండి. ఆమె ఒక ముగ్ధభక్తురాలు. లోకంలో అందరికీ తల్లులున్నారు, శివునికి తల్లి ఉన్నట్లు ఎక్కడా వినలేదే అనే ఆలోచన ఆమెకు కలుగుతుంది. అక్కడి నుండి ఆమె తర్కం మొదలవుతుంది. తల్లి ఉంటే బిడ్డ జుట్టు జడలు కట్టనిస్తుందా? ఒంటికి బూడిద పూసుకోనిస్తుందా? పాములతో ఆడుకోనిస్తుందా? విషం తాగుతుంటే చూస్తూ ఊరుకుంటుందా? శ్మశానంలో తిరగనిస్తుందా? పురాణాలు శివుని మహిమలుగా వర్ణించినవన్నీ ఆమె దృష్టిలో తల్లిలేని పిల్లవాడి దిక్కులేనితనానికి గుర్తులు. శివుని రూపం గురించి వేయిసార్లు విన్న శ్రోత కూడా ఇక్కడ ఉలిక్కిపడతాడు. తాను ఎరిగిన వర్ణనే, కాని ఇన్నాళ్ళూ ఈ వైపు నుండి చూడలేదు. తెలిసిన వస్తువును తెలియని వైపు నుండి చూపడమనే ఈ నేర్పును ఏ కథా రచయితయినా శ్రద్ధగా గమనించాలి.

తల్లి లేని శివునికి తానే తల్లినవుతానని ఆమె నిశ్చయించుకుంటుంది. లింగమూర్తిని ఒడిలో పెట్టుకొని సాకుతుంది. ఈ భాగంలో సోమన తత్త్వం మాట్లాడడు. పసిబిడ్డను పెంచే తెలుగింటి తల్లి చేసే పనులన్నీ వరుసగా చెబుతాడు. తలంటడం, నలుగు పెట్టడం, కాటుక దిద్దడం, ఉగ్గుపాలు పట్టడం, జోకొట్టడం. వింటున్న స్త్రీలలో ప్రతి ఒక్కరికీ అది తమ ఇంటి సంగతే. శివుడు ఆమె ప్రేమను పరీక్షింపదలచి గొంతు జబ్బు వచ్చినట్లు నటించి పాలు తాగడం మానివేస్తాడు. ఆమె గుండె చెదిరిపోతుంది. జబ్బుపడిన బిడ్డ పక్కన కూర్చున్న తల్లి దుఃఖమే అక్కడ ఉంటుంది. కడకు శివుడు ప్రత్యక్షమై ఆమె మాతృత్వాన్ని అంగీకరిస్తాడు. దేవునికి తల్లి అయినందువల్ల ఆమె అమ్మవ్వగా ప్రసిద్ధి పొందింది. ప్రత్యక్షం కావడం భక్తి కథలన్నిటా జరిగేదే. మనకు గుర్తుండేది మాత్రం ఆ జబ్బు, ఆ తల్లి కలవరం.

గొడగూచి కథ మరొక రకమైనది. ఊరికి వెళుతున్న తండ్రి, రోజూ శివునికి పాలు నివేదించమని తన చిన్నారి కూతురికి అప్పగిస్తాడు. నివేదన అంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు. శివుడు నిజంగానే పాలు తాగుతాడని అనుకుంటుంది. గిన్నెను ముందుంచి తాగమంటుంది. ఆయన తాగడు. అప్పుడు ఆ పిల్ల ఎలా మాట్లాడుతుందో వినిపించడంలోనే కథ ప్రాణమంతా ఉంది. మొదట బుజ్జగిస్తుంది. పాలు సరిగా కాగలేదా అని సందేహిస్తుంది. రుచి చాలలేదా అని అడుగుతుంది. తాను చేసిన తప్పేమిటో చెప్పమంటుంది. నీవు తాగకపోతే మా నాయన నన్ను కొడతాడని భయం చెప్పుకొంటుంది. ఏడుస్తుంది. చివరకు గుడిలో తల బాదుకోబోతుంది. ఒక్కొక్క మెట్టు పైకి, ఒకదానినుండి మరొకటి సహజంగా పుట్టేటట్లు ఆ సంభాషణ నడుస్తుంది. అటువైపు నుండి ఒక్క మాట కూడా రాదు. ఒకే పాత్ర మాట్లాడుతుండగా రెండవ పాత్ర మౌనాన్ని కూడా మనకు వినిపించడం అసాధారణ శిల్పం. శివుడు పాలు తాగుతాడు.

ఇంతటితో ముగించి ఉంటే అది చక్కని పిల్లల కథ అయ్యేది. తండ్రి తిరిగి వస్తాడు. ప్రసాదం పాలు ఏవని అడుగుతాడు. శివుడు తాగాడని చెబితే నమ్మడు. అబద్ధమాడుతున్నావని కోపిస్తాడు. అతని ఎదుట శివుడు పాలు తాగడు. కొట్టడానికి తండ్రి చేయెత్తగానే పిల్ల పరుగెత్తి లింగాన్ని కౌగిలించుకుంటుంది. లింగం ఆమెను తనలో ఇముడ్చుకుంటుంది. పట్టుకోబోయిన తండ్రికి కురులు మాత్రమే చిక్కాయని కథ చెబుతుంది. శివభక్తుడైన తండ్రికి నమ్మకం లేదు, ఏమీ తెలియని కూతురికి ఉంది. ఈ మాటను కవి ఎక్కడా వ్యాఖ్యానించి చెప్పడు. ఆ కురులను తండ్రి చేతిలో ఉంచి ఊరుకుంటాడు. నా దృష్టిలో మన ప్రాచీన కథాసాహిత్యంలోని విషాద ఘట్టాలలో ఇది మిక్కిలి గాఢమైనది.

సోమనకు శ్రోత అంటే ఎంత గౌరవమో తెలిపే కథ రుద్రపశుపతిది. ఇది ఒక శ్రోత కథే. రుద్రపశుపతి ఒకనాడు పురాణ కాలక్షేపం జరుగుతున్న చోటికి వెళ్ళాడు. పౌరాణికుడు క్షీరసాగర మథన ఘట్టం చదువుతున్నాడు. శివుడు హాలాహలం మింగాడన్న మాట చెవిన పడగానే రుద్రపశుపతి హతాశుడయ్యాడు. విషం మింగినవాడు బతుకుతాడా? ఆ సంగతి తెలిసి ఇంతమంది నిబ్బరంగా ఎలా కూర్చున్నారు? తక్కిన శ్రోతలకు అది ఎప్పుడో జరిగిన పురాణ గాథ. అతనికి ఇప్పుడే జరుగుతున్న ప్రమాదం. శివుడు లేని లోకంలో తాను బతకనని నీటిలో దిగి ప్రాణం విడవడానికి సిద్ధపడ్డాడు. శివుడు ప్రత్యక్షమై తాను క్షేమంగానే ఉన్నానని చెప్పినా అతడు వినలేదు. విషాన్ని కక్కితీరాలని పట్టుపట్టాడు. కంఠంలోని విషం కిందికి దిగదని ఎంత నచ్చజెప్పినా నమ్మకపోవడంతో, శివుడు అతనిని తన తొడపై కూర్చోబెట్టుకొని, నీవే చూస్తూ ఉండమన్నాడు. అతడు రెప్ప వేయకుండా ఆ కంఠాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఈ కథను పండితులు ముగ్ధభక్తికి ఉదాహరణగా చెబుతారు. నాకు ఇందులో కథారచనకు సంబంధించిన ఒక లోతైన విషయం కూడా కనిపిస్తుంది. ఆ పురాణ సభలో రెండు రకాల శ్రోతలున్నారు. విన్నదానిని మెచ్చుకొనే శ్రోతలు, విన్నదానిలో ప్రవేశించే శ్రోత. సోమన ఏ రకం శ్రోతను పూజ్యుడిగా నిలబెట్టాడో స్పష్టమే. అమాయకుడని నవ్వుతూనే అతనిని దేవుని తొడమీద కూర్చోబెట్టాడు. పండితగోష్ఠులలో మెప్పు పొందే కవికి ఈ కథ తట్టదు. తన మాటను నిజమని నమ్మి కంటతడి పెట్టే జనం నడుమ కూర్చొని కథ చెప్పినవాడికే తడుతుంది.

తక్కిన పాత్రల ఎంపిక కూడా ఆ జనంలోనుండే. తన చేతి కుండల చప్పుడుకు శివుని చేత నృత్యం చేయించిన కుమ్మరి గుండయ్య, కన్నులిచ్చిన వేటగాడు కన్నప్ప, కిన్నెర బ్రహ్మయ్య, చాకలి మడివాలు మాచయ్య, వీరందరూ తమ వృత్తిపనులు మానుకొని భక్తులైనవారు కారు. కుమ్మరికి సారె, చాకలికి మూట ఎప్పటిలాగానే ఉన్నాయి. పనిచేసే మనిషిని పనిలో ఉండగానే నాయకుడిగా నిలబెట్టడం అప్పటి కావ్యసంప్రదాయానికి కొత్త. ఇదే పాలకుర్తిలో 1940 దశకంలో తన పంటనూ భూమినీ కాపాడుకోవడానికి విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలిచింది చాకలి ఐలమ్మ. శతాబ్దాల ఎడమున్న ఈ రెండు సంగతులకూ కార్యకారణ సంబంధం అంటగట్టడం సరికాదు. అయినా ఆ ఊరి పేరు విన్నప్పుడు మాచయ్య, ఐలమ్మ ఇద్దరూ గుర్తుకు రావడం సహజం.

ఇటువంటి రచనకు పండితలోకంలో లభించిన ఆదరణ ఎటువంటిదో తెలిపే ఉదంతం ఒకటి ఉంది. దీనిని తరువాతి కాలపు వీరశైవ కవి పిడుపర్తి సోమనాథుడు తన గ్రంథంలో చెప్పాడు. ఓరుగల్లులోని స్వయంభూదేవుని ఆలయంలో భక్తులు గుంపుగా కూర్చొని బసవపురాణం వింటున్నారట. దైవదర్శనానికి వచ్చిన ప్రతాపరుద్రుడు ఆ గోష్ఠి ఏమిటని అడిగాడు. పక్కనున్న ఒక పండితుడు, అది ప్రాచీన పురాణం కాదని, పాల్కురికి సోమన ఈ మధ్యనే అల్లినదని, యతి నియమాలను మీరిన ద్విపద అని, ప్రమాణం కానిదని చులకనగా చెప్పాడు. రాజు అది విని మరలిపోయాడు. ఈ ఉదంతం జరిగిన తీరు ఇదేనని నిర్ధారించడం కష్టం. కాని అందులో కనిపించే ఆక్షేపణలు మాత్రం వాస్తవమైనవి. సోమన యతికి బదులు ప్రాసయతిని ధారాళంగా వాడాడు. కథ నడకకు అవసరమైన చోట ఛందోనియమాన్ని సడలించుకున్నాడు. పండితునికి దోషమే కనిపించింది. మండపంలో కూర్చున్నవారికి కథ వినిపించింది. రాజు వెళ్ళిపోయిన తరువాత కూడా వారు అక్కడే కూర్చొని ఉన్నారన్నది ఆ కథలో మనం గమనించవలసిన సంగతి.

సోమన రెండవ మహాకృతి పండితారాధ్య చరిత్ర. శైవాచార్యుడైన మల్లికార్జున పండితారాధ్యుని జీవితం దీని వస్తువు. దీక్షా, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణాలని అయిదు భాగాలు. కథనం దృష్ట్యా ఇది బసవపురాణానికి సాటి రాదు. ఇందులో కథకుని కంటె శాస్త్రవేత్త ముందుకు వస్తాడు. వస్తువుల పట్టికలు, విశేషాల పట్టికలు పుటలకొద్దీ సాగుతాయి. కథ కోసం చదివేవారికి అక్కడక్కడ విసుగు పుట్టడం సహజం. అయితే పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే యాత్రికుల వర్ణన చదివినవారు ఆ పట్టికలను క్షమిస్తారు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు మొదలైన పాటల పేర్లు మనకు అక్కడ లభిస్తాయి. జనం పాడుకొన్న ఆ పాటలను ఆనాడు ఎవరూ తాటాకులకెక్కించలేదు. పాటలు పోయాయి, పేర్లు సోమన వల్ల మిగిలాయి. ఆటలు, వాద్యాలు, బొమ్మలాటలు, వేషాలు, ఇలా ఆనాటి తెలుగువారి సాంఘిక జీవితాన్ని పరిశోధించేవారికి ఈ గ్రంథం గని వంటిది. కథ చెప్పేవాడు తన చుట్టూ ఉన్న జీవితాన్ని ఎంత శ్రద్ధగా వినాలో ఈ పట్టికలే చెబుతున్నాయి. బెజ్జమహాదేవి కాటుక, గొడగూచి పాలగిన్నె ఈ శ్రద్ధలోనుండి వచ్చినవే.

సోమనను గురించి చెప్పేటప్పుడు ఆయన పరమత విద్వేషాన్ని దాచవలసిన పనిలేదు. జైనులను, ఇతర మతాలవారిని ఆయన నిందించిన తీరు, వారిపై జరిగిన హింసను వీరత్వంగా వర్ణించిన తీరు నేటి పాఠకులకు ఆమోదయోగ్యం కావు. ఆ కాలపు మత సంఘర్షణల వేడి ఆయన కలానికి తగిలింది. చిత్రమేమంటే, శిల్పపరంగా కూడా ఆ ఘట్టాలు పేలవంగానే ఉంటాయి. ప్రత్యర్థి మనసులోకి ప్రవేశించడానికి కవి నిరాకరించినచోట పాత్ర బొమ్మగా మిగిలిపోయింది. చిన్నపిల్ల మనసును అంతగా ఎరిగిన కవి ప్రత్యర్థి మనసును ఎరగదలచుకోలేదు. ఈ తేడాను విద్యార్థులు మూలగ్రంథం చదివినప్పుడు స్వయంగా పోల్చి చూడవచ్చు.

పండితులు చులకన చేసిన ఆ ద్విపద కాలక్రమంలో చాలా దూరం ప్రయాణించింది. 1369లో భీమకవి బసవపురాణాన్ని కన్నడంలోకి తెచ్చాడు. బసవేశ్వరుడు కన్నడ దేశంవాడు. ఆయన కథను పురాణంగా మలిచి తిరిగి కన్నడులకు అందించినది తెలుగు కవి. తెలుగులో ద్విపద మార్గం గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలో, గౌరన హరిశ్చంద్ర కథలో కొనసాగింది. ఇక్కడే మరొక విచిత్రం జరిగింది. పైన పేర్కొన్న పిడుపర్తి సోమనాథుడు బసవపురాణంపై గల భక్తితోనే దానిని పద్యకావ్యంగా మార్చి రాశాడు. పండితులు కూడా ఆదరించాలన్నది ఆయన కోరిక. సోమన ఏ మార్గాన్ని కాదని ద్విపదను చేపట్టాడో, ఆ మార్గంలోకే అభిమానులు ఆయన కథను తిరిగి తీసుకొని వెళ్ళారు. ఆ పద్యకావ్యం విలువ దానికుంది. కాని నేడు బసవపురాణం అనగానే పాఠకులకు స్ఫురించేది సోమన ద్విపదే.

ఆధునిక కాలంలో ఈ గ్రంథానికి పునర్జన్మనిచ్చినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి. తాళపత్ర ప్రతులను పరిష్కరించి, విపులమైన పీఠికతో 1926లో ఆయన వెలువరించిన బసవపురాణం తెలుగు పరిశోధనలో ఒక మైలురాయి. సోమన కాలం, మతం, భాష, ఛందస్సు, ఇలా తరువాత జరిగిన చర్చలలో చాలావాటికి ఆ పీఠికలోనే పునాది పడింది. 1939లో చిలుకూరి నారాయణరావు పండితారాధ్య చరిత్రను పరిష్కరించి ప్రకటించారు. వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘైర్ కలిసి చేసిన బసవపురాణ ఆంగ్లానువాదాన్ని 1990లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. దానితో గొడగూచి, రుద్రపశుపతి ప్రపంచ పాఠకులకు పరిచయమయ్యారు.

సోమన చివరి రోజులను గురించి చారిత్రకమైన ఆధారాలు మిక్కిలి స్వల్పం. ఆయన కన్నడ దేశానికి వెళ్ళాడని, అక్కడి కలికె గ్రామంలో శివైక్యం పొందాడని వీరశైవ సంప్రదాయం చెబుతుంది. తరువాతి కాలంలో తోంటదార్యుడనే కన్నడ కవి ఆయన జీవితాన్నే వస్తువుగా తీసుకొని ఒక పురాణం రచించాడు. భక్తుల కథలు పోగుచేసి జనానికి వినిపించిన కవి, ఆ విధంగా తానే ఒక కథలో పాత్ర అయ్యాడు. పాలకుర్తి గుట్టమీది సోమేశ్వరాలయానికి వెళ్ళే భక్తులు నేటికీ ఆయన పేరును తమ ఊరి పేరుతో కలిపే తలచుకుంటారు.